సైనైడ్ దిబ్బల్లో మిగిలింది ఎలాంటి బంగారం?

కేజీఎఫ్ (కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు) దిబ్బల మాట మళ్లీ పైకొచ్చింది. 13 దిబ్బలు, దాదాపు వెయ్యి ఎకరాలు, బంగారం తీశాక మిగిలిన సుమారు 3.3 కోట్ల టన్నుల మిల్లు వ్యర్థం. వీటిని తవ్వి బంగారం తీయడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకొస్తుంది. అందుకే సైనైడ్ లేకుండా, బరువు తేడాతోనే బంగారాన్ని విడదీయలేమా అని జనం అడగడం న్యాయమే.

జవాబు 1887లో ఉంది. రాతిపొడిలోని బంగారాన్ని సైనైడ్ ద్రావణంలో కరిగించి తీసే పద్ధతికి మాకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంట్ తీసుకున్నది అప్పుడే. అంతకుముందు స్టాంపు మిల్లులో దంచిన రాతిపొడిని నీళ్లతో కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించేవారు. బంగారం సాంద్రత 19.3, పలుగురాయిది 2.65. ముతక రేణువు అడుగున చిక్కేది. నలకలాంటిది నీటితో పోయేది. నూనె జిడ్డో ఆర్సెనిక్ ఖనిజమో తగిలితే పాదరసం మసకబారి, పూసలుగా విరిగి, పట్టిన బంగారంతో సహా కొట్టుకుపోయేది. సైనైడ్ వచ్చాక ముతక వాటా పలకలది, సన్న వాటా సైనైడ్ తొట్లది అయింది.

అంటే దిబ్బల్లో ఉన్నది ఆ రెండింటికీ చిక్కనిది. అందులో కొంత పలుగురాయిలో, గంధక ఖనిజాల్లో ఇరుక్కుంది, మళ్లీ మెత్తగా నూరితే తప్ప బయటపడదు. ఇంకొంత పూర్తిగా కరగని ముతక రేణువు. సైనైడ్ రేణువును పైపొర నుంచే తింటుంది, పెద్ద రేణువుకు రోజులు పడతాయి. బరువు తేడా పద్ధతికి నేరుగా దక్కేది ఈ రెండోదే.

అది ఎంతుందో తేల్చే పరీక్ష ఉంది. దిబ్బను పైనుంచి కింది దాకా బోరు వేసి, ఇసుక పొరనూ బురద పొరనూ వేరువేరుగా తీయాలి. నమూనాను ముందు 850 మైక్రాన్ల లోపుకు, తర్వాత ఇంకా సన్నగా, చివరికి 80 శాతం 75 మైక్రాన్ల లోపుకు నూరుతూ, ప్రతిసారీ చిన్న సెంట్రిఫ్యూగల్ కాన్సెంట్రేటర్‌లో (వేగంగా తిరుగుతూ బరువైన రేణువులను పట్టుకునే గిన్నె) తిప్పాలి. బంగారం మొదటి విడతలోనే చిక్కితే బరువు పద్ధతి గిట్టుతుంది. మూడో విడతలోనే చిక్కితే కరెంటు బిల్లు మింగేస్తుంది.

ప్లాంటు పెడితే ఈ గిన్నె యంత్రం మిల్లు చివర కాదు, సైక్లోన్ (నూరిన పొడిని సుడి తిప్పి ముతకనూ సన్ననూ వేరుచేసే గరాటు) అడుగు ప్రవాహం దగ్గర ఉండాలి. బరువైన రేణువులు బాల్‌మిల్లుకూ (గుండ్లతో రాయిని నూరే పీపా) సైక్లోన్‌కూ మధ్య తిరుగుతూ పోగుపడేది అక్కడే. ముందు 2 మిల్లీమీటర్ల జల్లెడ తప్పనిసరి. గిన్నెలోకి వచ్చే నీళ్లు మురికిగా ఉంటే రంధ్రాలు పూడి, ఇసుక గట్టిపడి, బంగారం పైనుంచి జారిపోతుంది. ఆ నీటి ఒత్తిడి ఎక్కువైతే సన్న బంగారం ఎగిరిపోతుంది. ఆ తర్వాత షేకింగ్ టేబుల్ (ఊగుతూ రేణువులను బరువును బట్టి వేరుచేసే బల్ల) మీద నల్ల ఇసుక పక్కన సన్నటి పసుపు గీత కనిపిస్తుంది. దాన్ని మాత్రమే కోసుకుని, మిగతాది మిల్లుకే తిప్పి పంపాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఇరుక్కున్న వాటా సైనైడ్ తొట్టికే పోతుంది. కాబట్టి ఏ దిబ్బలో ఏ పొరకు ఎంత వస్తుందన్న పరీక్ష ఫలితాన్ని తవ్వకం మొదలవకముందే కేజీఎఫ్‌లోని మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ వాసుల ముందు పెట్టాలి.