సోషల్ మీడియా: నెల్లూరులో నేను రోజూ వినే అపోహలు

నెల్లూరులో చిన్న షాపులవాళ్లకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడపడం నా పని. అకౌంట్ పోయిందని టెన్షన్‌తో వచ్చేవాళ్లకూ సాయం చేస్తుంటాను. సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అని అడిగితే నేను చెప్పేది ఒకటే: లాభమైనా నష్టమైనా ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే వస్తుంది. మనం మాత్రం తెలియనివాళ్లను చూసి భయపడతాం.

అపోహ: నా లిస్టులో అంతా మనవాళ్లే, నాకేం భయం?

వాస్తవం: మోసగాడికి కావలసిందీ ఆ మనవాళ్లే. వాడు తన ఫోన్లో మీ నంబరుతో వాట్సాప్ తెరవబోతాడు. ఆరంకెల కోడ్ మీకు వస్తుంది. అప్పటికే వాడి చేతిలో పడ్డ మీ బావ అకౌంట్ నుంచి "నా కోడ్ పొరపాటున నీకొచ్చింది, కొంచెం పంపు" అని మెసేజ్. అడిగింది బావ కదా, పంపేస్తారు. ఇక మీ పేరుతో బంధువులందరికీ "అర్జంటుగా ఇరవై వేలు ఫోన్‌పే చెయ్యి, సాయంత్రం ఇచ్చేస్తా" అని వెళ్తుంది. పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. ఏ శుభలేఖా ఇన్‌స్టాల్ చేసుకోమని అడగదు!

వాట్సాప్ సెట్టింగ్స్‌లో, అకౌంట్ కింద, టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటుంది. అక్కడ మీ సొంత పిన్ పెట్టుకుంటే కోడ్ ఒక్కటే దొరికినా వాడు లోపలికి రాలేడు. అకౌంట్ పోయిందా, మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేయండి, వాడి ఫోన్లో అది ఆగిపోతుంది. వాడు ముందే పిన్ పెట్టేసి ఉంటే మీరు 7 రోజులు ఆగాలి, కానీ ఆ వారం వాడికీ పని చేయదు. డబ్బు పోతే మాత్రం ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నా దగ్గరికి తర్వాత రావచ్చు. త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

అపోహ: ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటుంది.

వాస్తవం: 2021 మే నెలలో కృష్ణపట్నం గుర్తుందా? కరోనా రెండో వేవ్ మధ్యలో, ఆనందయ్య అనే నాటువైద్యుడు కరోనాకు ఇచ్చిన మందు వీడియోలు తిరిగిన కొద్ది రోజులకే వేలమంది ఆ ఊరికి వచ్చిపడ్డారు. రోగులను అంబులెన్సుల్లో కూడా తెచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన జరిపించి, నెలాఖరున కంటి చుక్కలు తప్ప మిగతావాటిలో చాలావాటికి అనుమతిచ్చింది. మందు మీద ఎవరి నమ్మకం వాళ్లది. నేను చెప్పేది ఆ గుంపు గురించి. వాళ్లలో ఎక్కువమందిని కదిలించింది తెలిసినవాళ్లు పంపిన వీడియోనే. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, నిజమని కాదు.

మేలూ ఈ దారిలోనే వస్తుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల రైతులు గ్రూపుల్లో కౌంట్ రేట్లు చూసుకుంటారు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. వంద కౌంట్ పక్క ఊళ్లో ఎంతకు పోయిందో తెలిస్తే, చెరువు గట్టు మీదకొచ్చిన వ్యాపారి చెప్పిన రేటుకల్లా తలూపక్కర్లేదు. అక్కడ రేటు పెట్టేది నిన్న తన చెరువు పట్టిన రైతే, ఎక్కడిదో తెలియని ఫార్వర్డ్ కాదు.

అపోహ: ఫాలోయర్లు పెరిగితే అమ్మకాలు పెరుగుతాయి.

వాస్తవం: డబ్బిచ్చి కొన్న ఫాలోయర్లు ఒక్క చీర కూడా కొనరు. నా కస్టమర్లలో బాగా అమ్మేవాళ్లు వాట్సాప్ స్టేటస్‌లో ధరతో సహా ఫొటో పెట్టేవాళ్లే. "ధర కోసం ఇన్‌బాక్స్" అనేది చూస్తే నాకే చిరాకు.

అపోహ: గ్రూపులో ఎవరేం పెట్టినా అడ్మిన్‌దే నేరం.

వాస్తవం: కాదు. అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల పోస్టుకు నేరబాధ్యత రాదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

అపోహ: ఫోన్ లాగేసుకుంటే ఆడపిల్లకు ఏ గొడవా ఉండదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఫొటోలు బయటపెడతానని బెదిరించేవాడికి కావలసింది ఇంట్లో చెప్పుకోలేని పిల్లే. ఫోన్ పోతుందన్న భయంతో నోరు విప్పదు, వాడికి డబ్బు పంపుతూనే ఉంటుంది. పంపొద్దు. చాట్ డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయండి. ఫొటో తీసేనాటికి 18 దాటినవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ, అప్పటికి అంతకంటే చిన్నవాళ్లకు టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సైట్లున్నాయి. అక్కడ ఫొటోను ఎంచుకుంటే అది మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. దాన్ని బట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫొటోను గుర్తుపట్టి అడ్డుకోగలవు. వాట్సాప్ చాట్లలో తిరిగేవి మాత్రం దీనికి చిక్కవు, వాటికి పోలీసు ఫిర్యాదే దారి.