కీమో మొదలైన మూడో వారం

క్యాన్సర్‌కి ఇచ్చే కీమో మందు మొదటిసారి ఎక్కించి ఇంటికి పంపిన రోజు జుట్టుకి ఏమీ కాదు. వారం గడిచినా ఏమీ కాదు. ‘నాకు రాలదేమో’ అని ఆశ పుట్టేది అప్పుడే. రెండు వారాలు దాటాక మాడు సలుపుతుంది, దిండుకి తల ఆనించినా నొప్పే. తర్వాత తలస్నానం చేస్తుంటే జుట్టు గుప్పెళ్లకొద్దీ చేతిలోకి వచ్చేస్తుంది. వాంతులూ నీరసమూ ఓర్చుకున్న మనిషి కూడా అక్కడ కూలబడి ఏడుస్తుంది. ‘ప్రాణం ముఖ్యం గానీ జుట్టుదేముంది’ అని ఆ ఏడుపుని తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. ఏం జరగబోతోందో, ఎప్పుడు జరుగుతుందో ముందే తెలిస్తే ఆ రోజు దెబ్బ కొంచెమైనా తగ్గుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో నూటికి 85 నుంచి 90 ఎప్పుడు చూసినా పెరిగే దశలోనే ఉంటాయి. ఒక్కో వెంట్రుక అలా కొన్నేళ్లపాటు పెరుగుతుంది. కుదురు అడుగున చిన్న ఉల్లిపాయలాంటి ఉబ్బు ఉంటుంది, వెంట్రుక తయారయ్యేది అక్కడే. ఒంట్లో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాల్లో ఆ ఉబ్బులోని కణాలు కూడా ఉన్నాయి. చాలా కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలనే దెబ్బకొడతాయి. అది క్యాన్సర్ కణమా, రాత్రీ పగలూ వెంట్రుకని అల్లుతున్న మంచి కణమా అన్నది వాటికి తెలియదు. నోటిపూత రావడానికీ, రక్తంలో తెల్లకణాలు తగ్గడానికీ కారణం ఇదే.

మరి రెండు వారాల ఆలస్యం ఎందుకు? మందు తగిలిన రోజుల్లో తయారైన భాగం సన్నగా, బలహీనంగా ఉంటుంది. అప్పటికి అది చర్మం లోపల ఉంటుంది. వెంట్రుక పెరిగేది నెలకి సుమారు ఒక సెంటీమీటరు. ఆ బలహీనమైన చోటు పైకి జరిగి చర్మం దగ్గరికి రావడానికి రోజులు పడుతుంది. వచ్చాక దువ్వెన తగిలినా విరిగిపోతుంది. కనుబొమ్మలు, కనురెప్పల వెంట్రుకల్లో పెరిగే దశలో ఉన్నవి తక్కువ కాబట్టి అవి ఇంకా ఆలస్యంగా రాలతాయి. రెప్పల వెంట్రుకలు పోతే కళ్లలో దుమ్ము పడుతుంది, ముక్కులోవి పోతే ముక్కు కారుతుంది. జలుబు చేసిందేమో అని టెన్షన్ పడతారు గానీ చాలాసార్లు సంగతి ఇదే.

ఈ రాలడంలో పీ53 అనే జన్యువు పాత్ర నన్ను బాగా ఆకట్టుకుంది. కణం లోపల డీఎన్ఏ బాగు చేయలేనంతగా పాడైతే, ‘ఇక నువ్వు చనిపో’ అని ఆ కణానికి చెప్పే కాపలాదారు ఇది. పాడైన కణాలు క్యాన్సర్‌గా మారకుండా మనల్ని కాపాడేది కూడా ఇదే. 2000లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఈ జన్యువు లేని ఎలుకలకి సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తే వాటి బొచ్చు రాలలేదు. అంటే కుదురులోని కణాలని చంపడంలో మందుతోపాటు మన కాపలాదారు చెయ్యి కూడా ఉందన్నమాట.

అన్ని మందులూ ఒకటి కాదు. ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్, ఇంకా పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ వంటివి జుట్టుని దాదాపు పూర్తిగా రాలుస్తాయి. కాపెసిటబీన్ మాత్రలతో పలచబడడమే ఎక్కువ. రేడియేషన్ అయితే ఇచ్చిన చోటే రాలుతుంది, రొమ్ముకి ఇస్తే తల జుట్టు పోదు. ‘జుట్టు రాలితేనే మందు పని చేస్తున్నట్టు’ అనే మాట మాత్రం నిజం కాదు. రాలలేదని ఎవరూ దిగులు పడనక్కర్లేదు.

ఆపే దారి ఒకటుంది. మందు ఎక్కించే ముందు అరగంట, ఎక్కిస్తున్నంతసేపూ, అయిపోయాక మరో గంటన్నర దాకా తలని బాగా చల్లబరిచే టోపీ పెడతారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, కుదురుకి చేరే మందు తగ్గుతుంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటూ టోపీ పెట్టుకున్న 95 మంది స్త్రీలలో 48 మందికి సగానికి పైగా జుట్టు నిలిచింది. టోపీ లేని 47 మందిలో ఒక్కరికీ నిలవలేదు. రక్త క్యాన్సర్లకి మాత్రం ఇది పెట్టరు. ఇది మొదటి కీమో రోజు నుంచే మొదలుపెట్టాలి కాబట్టి డాక్టర్‌ని ముందే అడగాలి. గుంటగలగరాకు నూనె, ఉల్లిరసం ఈ రాలడాన్ని ఆపలేవు, ఎందుకంటే మందు లోపలి నుంచి, రక్తంతో వస్తోంది.

తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చిన ఆడమనిషిని మనం గౌరవంగానే చూస్తాం. అదే గుండు జబ్బు వల్ల వస్తే వీధిలో తేరిపార చూస్తారు. మొక్కు గుండు తనకి తానుగా ఇచ్చినది, ఈ గుండు అడగకుండా వచ్చిపడింది. ఆ తేడాయే అంత నొప్పి పెడుతుంది. అందుకే కొందరు రాలకముందే జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటారు, అది మంచి ఆలోచన అనుకుంటాను. గుండే చేయించుకోవాలనుకుంటే మంగలికత్తి వద్దు, ట్రిమ్మర్ వాడాలి. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో చిన్న గాటు పడినా ఇన్ఫెక్షన్ రావచ్చు. విగ్గు కావాలంటే సొంత జుట్టు ఉండగానే రంగు, తీరు సరిచూసుకుని తెచ్చుకోవాలి.

ఇంతకీ జుట్టు తిరిగి ఎలా వస్తుంది? కుదురులో కొంచెం పైన, నూనెగ్రంథికి కాస్త కింద, మూలకణాలు, అంటే కొత్త కణాలని పుట్టించే కణాలు, ఉంటాయని 1990లో కనిపెట్టారు. అవి చాలా అరుదుగా విభజన చెందుతాయి. అందుకని మందు దెబ్బ వాటికి పెద్దగా తగలదు. గరికని పైన ఎంత కోసినా అడుగున దుబ్బు మిగిలినట్టు, అవి మిగులుతాయి. డోసిటాక్సెల్ వంటి మందులతో కొద్దిమందికి జుట్టు పూర్తిగా రాకపోవచ్చు, అదీ దాచకూడదు. ఎక్కువమందికి చివరి కీమో అయిన ఒకటి నుంచి మూడు నెలల్లో పసిపిల్లల తలమీద ఉండేలాంటి మెత్తటి నూగు వస్తుంది. ముందు నిటారు జుట్టు ఉన్నవాళ్లకి ఉంగరాలు తిరిగి రావచ్చు, రంగు కూడా మారవచ్చు. కుదుళ్లు కోలుకునేకొద్దీ చాలామందికి పాత తీరే తిరిగి వస్తుంది.