న్యూస్‌ప్రింట్ దిగుమతుల గీతలు: అపోహలు – వాస్తవాలు

రెండు దేశాల న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికలు అచ్చు వేసే కాగితం) దిగుమతి విలువలను ఒకే గ్రాఫులో గీసి, గీత పైనున్న దేశంవారు ఎక్కువ కాగితం వాడుతున్నారని తేల్చేసేవారిని తరచూ చూస్తుంటాను. వాణిజ్య గణాంకాలతో రోజంతా గడిపేవాణ్ని కాబట్టి నా చూపు ముందు గీతల మీదికి పోదు, పక్కన చిన్న అక్షరాల్లో రాసిన కొలమానం మీదికి పోతుంది.

అపోహ: విలువ పెరిగిందంటే కాగితం ఎక్కువ వచ్చినట్టే.

వాస్తవం: విలువలో టన్నులూ, టన్ను ధరా కలిసి ఉంటాయి. ఒక దేశం ఒక ఏడాది లక్ష టన్నులు, టన్ను 500 డాలర్ల చొప్పున కొన్నదనుకుందాం. బిల్లు 5 కోట్ల డాలర్లు. తర్వాత ఒక ఏడాది 80 వేల టన్నులే కొన్నది, అయితే టన్ను 750 డాలర్లు. బిల్లు 6 కోట్లు. గీత 20 శాతం లేచింది, రేవులో దిగిన కాగితం 20 శాతం తగ్గింది! ప్రపంచమంతటా ధరలు ఎగసిన 1995, 2021–22 వంటి ఏళ్లను దాటే గీతలన్నిటినీ ఈ అనుమానంతోనే చూడాలి.

అందుకే విలువను టన్నులతో భాగించి చూడటం నా మొదటి పని. టన్ను ధర ఉన్నట్టుండి అర డాలరని తేలితే ధర పడిపోయిందని కాదు, ఎవరో కిలోలను టన్నుల గడిలో వేశారని అర్థం. ఇక ఆ టన్ను కూడా ఎప్పుడూ ఒకటే కాదు. చదరపు మీటరుకు 48.8 గ్రాములుండే కాగితం టన్నుకు సుమారు 20,500 చదరపు మీటర్లు వస్తుంది. 45 గ్రాములదైతే 22,200. పలుచని కాగితానికి మారిన దేశం తక్కువ టన్నులతో అన్నే పేజీలు అచ్చు వేసుకుంటుంది.

అపోహ: రెండూ డాలర్లలోనే ఉన్నాయి కదా, పోల్చవచ్చు.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) అటవీ ఉత్పత్తుల లెక్కలు 1961 నుంచి దొరుకుతాయి, కానీ అవి ఏ ఏటి డాలర్లు ఆ ఏటివే. 1961కీ 2020కీ మధ్య అమెరికాలో వినియోగ ధరలు ఎనిమిది రెట్లకు పైగా పెరిగాయి. పైగా చాలా దేశాలు దిగుమతులను సీఐఎఫ్ పద్ధతిలో, అంటే ఓడ కిరాయి, బీమా కలిపి రాస్తాయి. అమెరికా ప్రచురించే కస్టమ్స్ విలువలో ఆ రెండూ ఉండవు. సీఐఎఫ్ విలువ అక్కడా వేరే వరుసగా దొరుకుతుంది, దాన్నే తీసుకోవాలి. సొంత కరెన్సీలో ఉన్న లెక్కలైతే మరీ ప్రమాదం: 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి మారింది. కాగితం ధరలో మార్పేమీ లేకున్నా రూపాయల బిల్లు సగానికి పైగా పెరిగినట్టు కనిపిస్తుంది.

అపోహ: సున్నా ఉంటే దిగుమతి లేదని.

వాస్తవం: ఆ ఏడాది లెక్క పంపలేదని కూడా కావచ్చు. ఒకసారి నేనే ఖాళీ గడిని సున్నాగా చదివి, ఒక దేశం దిగుమతులు కుప్పకూలాయని నివేదికలో రాసేశాను. ఎగుమతి చేసిన దేశం లెక్క తీస్తే ఓడలు మామూలుగానే వెళ్లాయి.

అపోహ: దిగుమతి తగ్గిందంటే పత్రికలు చదవడం తగ్గింది.

వాస్తవం: సొంత మిల్లుల ఉత్పత్తికి దిగుమతి కలిపి, ఎగుమతి తీసేయకుండా ఆ మాట అనలేం. అప్పుడు కూడా నిల్వల సంగతి మిగిలే ఉంటుంది: ధర పెరుగుతుందని భయపడిన ప్రచురణకర్తలు ఈ ఏడే రీళ్లు తెప్పించుకుని గోదాములు నింపుకుంటే, వచ్చే ఏడు గీత దానంతట అదే పడుతుంది.