పేలుడు ధ్వనిని వంచే గాలి పొరలు

1951 ఫిబ్రవరిలో అమెరికాలోని నెవాడా ఎడారిలో తెల్లవారకముందే జరిపిన అణుపరీక్షల ధాటికి, సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న లాస్ వేగాస్‌లో దుకాణాల అద్దాలు పగిలాయి. బాంబు ఎంత పెద్దదన్న లెక్క ఒక్కటే ఇందుకు సమాధానం చెప్పలేదు. ఆ వేళ పైన ఉన్న గాలి పొరలను కూడా అడగాలి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. తరంగంలో వెచ్చటి గాలిలో ఉన్న భాగం ముందుకు సాగిపోతుంది, చల్లటి గాలిలోని భాగం వెనకబడుతుంది. అందువల్ల తరంగం మొత్తం చల్లటి వైపుకు ఒరుగుతుంది. మధ్యాహ్నం నేల దగ్గర వేడి, పైన చల్లదనం కాబట్టి ధ్వని ఆకాశంలోకి వంగిపోతుంది. మబ్బులేని, గాలి వీయని రాత్రుల్లో ఇది తారుమారవుతుంది: నేల దగ్గర చల్లదనం, పైన వేడి కాబట్టి ధ్వని నేల వైపుకు వంగుతుంది. చలికాలం వేకువన ఎక్కడో దూరాన వెళ్లే రైలు కూత మన ఊరి పొలిమేరలో ఉన్నట్టు వినిపించడానికి కారణం ఈ ఉష్ణోగ్రతా విలోమమే.

లెక్క వేసి చూద్దాం. నేల నుంచి 300 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే, ధ్వని వేగం 340 నుంచి 343 మీటర్లకు చేరుతుంది. అప్పుడు ధ్వని కిరణం, అంటే ధ్వని సాగే దారి, దాదాపు 34 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తచాపంలో వంగుతుంది. నేలతో సుమారు 7.6 డిగ్రీలకు లోపు కోణంలో బయలుదేరిన కిరణాలన్నీ సుమారు 9 కిలోమీటర్ల లోపే తిరిగి నేలను తాకి, ఎగిరి, మళ్లీ వంగుతాయి. పైకి పోయే కొద్దీ గాలి వేగం సెకనుకు 10 మీటర్లు పెరిగితే, అది వీచే దిశలో దాని ప్రభావం దాదాపు 17 డిగ్రీల వేడికి సమానం. ఎదురు దిశలో అదే గాలి ధ్వనిని పైకి తోసేస్తుంది. వేర్వేరు ఎత్తుల నుంచి వంగి వచ్చిన కిరణాలు ఒకేచోట కలిస్తే అక్కడ పీడనం ఎన్నో రెట్లవుతుంది. అందుకే పక్కపక్క ఊళ్లలో ఒకటి దెబ్బతిని, మరొకటి క్షేమంగా ఉండవచ్చు. అది ఎవరి శాపమూ కాదు.

అద్దం పగలడానికి పెద్ద పీడనం అక్కర్లేదు. వాతావరణ పీడనంలో ఐదువందల వంతు, అంటే 200 పాస్కళ్లు, చదరపు మీటరు అద్దంపై 20 కిలోల బరువంత బలంతో హఠాత్తుగా పడుతుంది. బిగింపు సరిగా లేని పెద్ద అద్దాలకు అదే చాలు.

కాబట్టి నెవాడాలో శాస్త్రవేత్తలు పరీక్షలకు ముందు బెలూన్లతో పైగాలులను కొలిచి, తరంగం ఎటు వంగుతుందో అంచనా వేయసాగారు. రాతి క్వారీల్లో వేకువన కాక, నేల బాగా వేడెక్కిన తర్వాతే పేలుళ్లు జరపడం మంచిదనడానికీ ఆధారం ఇదే.