అపోహలు - వాస్తవాలు: ముత్తుస్వామి అయ్యర్‌ని నిజంగా పక్కన పెట్టారా?

మళ్లీ అదే ప్రశ్న. మొన్న రాత్రి ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది, గొంతులో టెన్షన్. "సార్, మద్రాసు హైకోర్టు జడ్జి ముత్తుస్వామి అయ్యర్ సీనియర్ కదా, చీఫ్ జస్టిస్ ఎందుకు కాలేదు? ప్రతిభ చాల్లేదన్నారా? గైడ్ నా చాప్టర్ మొత్తం కొట్టేశారు." న్యాయ చరిత్ర పాఠం చెబుతున్న 18 ఏళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాట్సాప్‌లో తిరిగే కథ ఇంకా ఘోరం. తెల్లదొరలు సీనియారిటీ లిస్టు ముందేసుకుని ఆయన పేరు కొట్టేశారట. ఏ లిస్టండీ బాబూ?

అపోహ: బ్రిటిష్ కాలంలో హైకోర్టులో సీనియర్ జడ్జికే చీఫ్ జస్టిస్ పదవి దక్కాలి. దక్కలేదంటే ప్రతిభ తూచి తప్పించినట్టే.

వాస్తవం: 1861 నాటి హైకోర్టుల చట్టం తెరిచి చూడండి. జడ్జీల్లో మూడో వంతుకు తగ్గకుండా బారిస్టర్లు, అంటే లండన్ వెళ్లి పట్టా తెచ్చుకున్న లాయర్లు ఉండాలి, చీఫ్ జస్టిస్ కూడా ఆ బారిస్టర్ల లెక్కలోకే రావాలి అంటుంది. అయ్యర్ చిన్న ఉద్యోగంతో మొదలై, జిల్లా మున్సిఫ్ మెట్టు మీదుగా మద్రాసు హైకోర్టు దాకా ఎదిగిన మనిషి. వీధి దీపం కింద చదివారన్న కథ అందరికీ తెలుసు. ఆయన బారిస్టర్ కాదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ గడప దగ్గరే ఆగిపోయినప్పుడు ఇక సీనియారిటీ ఎక్కడ, ప్రతిభ ఎక్కడ?

అదే చట్టంలో సీనియారిటీ మాట ఉంది, జడ్జీల హోదా, వరుస చెప్పే చోట. ఎవరి తర్వాత ఎవరు కూర్చోవాలనేదానికి అది పనికొస్తుంది. చీఫ్ కుర్చీకి వారసుణ్ణి అది తేల్చదు.

"మరి 1893లో ఆయన చీఫ్ జస్టిస్‌గా చేశారు కదా!" అంటారు. చేశారు, యాక్టింగ్‌గా. చీఫ్ సెలవులో ఉన్నా, కుర్చీ ఖాళీ అయినా, ఉన్న జడ్జీల్లో ఒకరికి ఆ పని అప్పగించే అధికారం ఇక్కడి ప్రభుత్వానికి ఉంది. కలకత్తాలో 1882లో, వకీలుగా (బారిస్టర్ కాని ఇక్కడి లాయరుగా) ఉండి జడ్జి అయిన రమేశ్ చంద్ర మిత్రకి ఇచ్చిందీ అలాగే. పక్కా నియామకం మాత్రం బ్రిటిష్ రాణి పేరు మీద జరగాలి. యాక్టింగ్ చేసినవాళ్లకే పదవి ఖాయం అనుకుని, అక్కడి నుంచి అన్యాయం కథ అల్లితే చాప్టర్ నిలబడదు.

వివక్ష లేదని నేను అనడం లేదు. సముద్రం దాటి లండన్ వెళ్లి బారిస్టర్ కాగలిగే డబ్బు, వీలు ఆ రోజుల్లో మనవాళ్లలో ఎందరికి ఉన్నాయి? వివక్ష ఆ గడపలోనే ఉంది.

నేనూ ఇదే తప్పు చేశాను లెండి. చదువుకునే రోజుల్లో జడ్జీలు చేరిన తేదీలతో పెద్ద పట్టిక వేసి, వరుస తప్పిన చోటల్లా ఎర్ర ఇంకుతో "అన్యాయం" అని రాశాను. ఒక పెద్ద వకీలు గారు అది చూసి, "1861 చట్టంలో సెక్షన్ 2, ఆ బారిస్టర్ల షరతు చదివావా?" అన్నారు. చదవలేదు. మారు మాట్లాడకుండా పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాను.

మిగతావి గబగబా. ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) నుంచి వచ్చిన జడ్జీలు ఎప్పుడంటే అప్పుడు చీఫ్ కావచ్చుననుకోవడం తప్పు. దారి తెరిచింది 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం, అదీ హైకోర్టు జడ్జీగా మూడేళ్లు చేశాకే. మొదటి భారతీయ చీఫ్ జస్టిస్ మన రాజమన్నార్ అనేదీ తప్పే. ఆయన మద్రాసుకు మొదటివారు, 1948లో. లాహోర్‌లో షాదీలాల్ 1920లోనే ఆ కుర్చీ ఎక్కారు. ఆయన బారిస్టరే మరి.

అసలు తూకం గురించి రాయాలంటే, సుప్రీంకోర్టుకు ముందు ఢిల్లీలో ఉన్న ఫెడరల్ కోర్టుకు రండి. 1943లో అక్కడి చీఫ్ జస్టిస్ సర్ మారిస్ గ్వయర్ రిటైరయ్యారు. మిగిలినవాళ్లలో సీనియర్ మద్రాసు వకీలుగా పేరు తెచ్చుకున్న సర్ శ్రీనివాస వరదాచారియర్. 1935 చట్టం ప్రకారం ఆ కుర్చీకి వకీళ్లూ అర్హులే, గడప అడ్డు లేదు. ఆరు వారాలు యాక్టింగ్‌గా చేశారు. ఆ తర్వాత ఇంగ్లండ్ నుంచి సర్ పాట్రిక్ స్పెన్స్ వచ్చారు, అప్పటిదాకా బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, ఇండియాలో ఒక్కరోజు కూడా జడ్జీగా కూర్చోని మనిషి. ఇక్కడ చట్టాన్ని సాకు చూపలేరు.

ఆ అమ్మాయికి అదే చెప్పాను. చాప్టర్ చింపక్కర్లేదమ్మా, అయ్యర్ని మొదటి పేజీల్లో ఉంచి, ఎర్ర ఇంకు వరదాచారియర్ దాకా దాచుకో అని.