దెబ్బ ఒకటే, శక్తి లెక్క వేరు

పిల్లలకు,

ఆశీస్సులు. మీ ప్రశ్న అందింది. "ప్రచోదనం ఇచ్చామంటే వస్తువుకు శక్తి ఇచ్చినట్టే కదా తాతయ్యా?" అని అడిగారు. ప్రతిసారీ కాదు. ఒక్కోసారి ఇస్తాం, ఒక్కోసారి ఉన్నదాన్ని లాగేసుకుంటాం. ఇంకోసారి ఎంత గట్టిగా కొట్టినా శక్తి రవ్వంత కూడా మారదు.

బ్యాట్ బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. అంతలోనే బలం సున్నా నుంచి వేల న్యూటన్లకు ఎగిసి మళ్లీ సున్నాకు పడిపోతుంది. ఇలాంటిదే ప్రచోదన బలం. ఏ క్షణాన ఎంత ఉందో పట్టుకోవడం కష్టం కాబట్టి బలాన్నీ కాలాన్నీ కలిపి, వాటి లబ్ధాన్ని తీసుకుంటాం. అదే ప్రచోదనం. ద్రవ్యవేగంలో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదానిలో, వచ్చిన మార్పు సరిగ్గా దానికి సమానం. ఆ కాస్త సమయంలో వస్తువు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, అందుకని స్థితిజశక్తి, అంటే ఉన్నచోటును బట్టి ఉండే శక్తి, మారదనే అనుకోవచ్చు. మారేదల్లా గతిజశక్తి, అంటే కదలిక వల్ల ఉండే శక్తి.

ఇక్కడ మీలో చురుకైనవాళ్లకు ఒక అనుమానం రావాలి. వస్తువు కదలనే లేదంటున్నాం, మరి పని ఎలా జరిగింది? కదిలింది తక్కువే, కానీ బలం అంత పెద్దది. చాలా చిన్న దూరాన్ని చాలా పెద్ద బలంతో గుణిస్తే వచ్చేది చిన్న సంఖ్యే కానక్కర్లేదు.

ఇప్పుడు 2 కిలోల బండి ఒకటి తీసుకోండి. నున్నటి నేల మీద కదలకుండా ఉంది. దానికి 10 న్యూటన్ సెకన్ల ప్రచోదనం ఇస్తే వేగం సెకనుకు 5 మీటర్లవుతుంది, గతిజశక్తి 25 జౌళ్లు. అదే బండి ముందే 10 మీటర్ల వేగంతో పోతుంటే, వెనక నుంచి అదే దెబ్బ వేయండి. వేగం 15 అవుతుంది. శక్తి 100 నుంచి 225 జౌళ్లకు పెరిగింది. దెబ్బ ఒకటే, కానీ ఈసారి చేరింది 125 జౌళ్లు! బండి మనవైపు 5 మీటర్ల వేగంతో వస్తుంటే ఆ దెబ్బకు ఆగిపోతుంది, 25 జౌళ్లు పోతాయి. రెండున్నర మీటర్ల వేగంతో వస్తుంటే అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. అప్పుడు శక్తిలో మార్పు సున్నా.

ఈ నాలుగింటికీ కలిపి సూత్రం ఒకటే. దెబ్బకు ముందు వేగం, తర్వాతి వేగం, రెండింటి సగటు తీసుకుని ప్రచోదనంతో గుణించండి. వచ్చేదే గతిజశక్తిలో మార్పు. వేగాలను దెబ్బ పడిన దిశలోనే కొలవాలి, ఎదురు దిశకు రుణ గుర్తు పెట్టాలి. పరీక్షల్లో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఈ గుర్తు దగ్గరే.

ద్రవ్యరాశి సంగతి తుపాకీ చెబుతుంది. 10 గ్రాముల తూటా 800 మీటర్ల వేగంతో ముందుకు పోతే, 4 కిలోల తుపాకీ 2 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. రెండింటికీ అందిన ప్రచోదనం సమానమే, 8 న్యూటన్ సెకన్లు. కానీ తూటా శక్తి 3200 జౌళ్లు, తుపాకీది 8. ప్రచోదనం సరిసమానంగా పంచుకున్నా, శక్తిలో సింహభాగం తేలికదానికే పోతుంది.

తూటా అన్నాను కాబట్టి బెంజమిన్ రాబిన్స్ గురించి చెప్పకుండా ఉండలేను. సెకనుకు వందల మీటర్లు పోయేదాన్ని కొలిచే గడియారాలు లేని రోజుల్లో, 1742లో, ఈ ఇంగ్లండు గణితజ్ఞుడు తూటా వేగం కొలిచే పద్ధతిని ప్రకటించాడు. బరువైన చెక్క దిమ్మను లోలకంలా వేలాడదీసి దానిలోకి తూటా పేల్చాడు. దిమ్మ ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టాడు. 10 గ్రాముల తూటా 400 మీటర్ల వేగంతో వచ్చి 2 కిలోల దిమ్మలో దిగబడిందనుకోండి. ద్రవ్యవేగం నిలిచి ఉంటుంది కాబట్టి రెండూ కలిసి దాదాపు 2 మీటర్ల వేగంతో కదులుతాయి, 20 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తాయి. మీరు తొందరపడి తూటా గతిజశక్తి అంతా ఎత్తుగా మారిందని రాస్తే జవాబు 40 మీటర్లు వస్తుంది! 800 జౌళ్లలో ఊగడానికి మిగిలింది 4 జౌళ్లే. మిగతాదంతా చెక్కను చీల్చడానికీ, వేడికీ, చప్పుడుకీ పోయింది. అందుకే ఈ లెక్కను రెండు ముక్కలుగా చేయాలి: తూటా దిగే క్షణానికి ద్రవ్యవేగ నిత్యత్వం, ఆ తర్వాతి ఊగుడుకు శక్తి నిత్యత్వం.

ఆ నష్టాన్ని మన సూత్రంతోనూ రాబట్టవచ్చు. దిమ్మ మీద, తూటా మీద పనిచేసిన ప్రచోదనాలు సమానం, దిశలు ఎదురెదురు. కానీ సగటు వేగాలు వేరు: తూటాది 201, దిమ్మది 1. తూటా పోగొట్టుకున్నది ఎక్కువ, దిమ్మకు దక్కింది తక్కువ. ప్రచోదనం సుమారు 4, సగటు వేగాల తేడా 200. గుణించి చూడండి.

ఇక గోడ లాంటి కదలని వస్తువుల సంగతి. బంతి గోడను కొట్టి వెనక్కి వచ్చినప్పుడు గోడ ప్రచోదనం ఇస్తుంది, పని మాత్రం చేయదు. తాకినచోటు కదలలేదు కదా. బంతి తిరిగి తెచ్చుకున్నది, నొక్కుకుపోయినప్పుడు తనలో తానే దాచుకున్న శక్తి. తిరిగి రానిది వేడిగా మారింది.

చివరగా దారం. ఒక కిలో రాయికి సాగని దారం కట్టి, రెండో కొస మేకుకు కట్టారు. వదులుగా ఉన్న దారంతో రాయి 5 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పడుతోంది. దారం బిగుసుకునేసరికి అది నిలువు గీతతో 30 డిగ్రీల కోణంలో ఉంది. దారం వెంబడి ఉన్న వేగం ఆ జర్క్‌తో పూర్తిగా పోతుంది, దారానికి లంబంగా ఉన్నది అలాగే ఉంటుంది. పన్నెండున్నర జౌళ్లలో నాలుగింట మూడు వంతులు ఆ ఒక్క కుదుపులోనే పోతాయి. మేకు కదలలేదు కాబట్టి ఆ భారం దాదాపుగా దారమే మోయాలి: అదిరి, వేడెక్కి, తట్టుకోలేకపోతే తెగి. కొండలెక్కేవాళ్లు సాగే తాళ్లు వాడేది ఇందుకే. పడే మనిషిని ఆపడానికి పోగొట్టాల్సిన ద్రవ్యవేగం సాగే తాడుకూ సాగని తాడుకూ ఒకటే, కానీ తాడు సాగుతుంటే ఎక్కువ సమయం పడుతుంది, బలం తగ్గుతుంది. పడేవాడి శక్తి కొద్దికొద్దిగా తాడులోకి వెళుతుంది.

కోణం 60 డిగ్రీలైతే ఎంత పోతుందో చేసి పంపండి. దిద్ది పంపుతాను.

మీ తాతయ్య