అంబాసిడర్‌కి ఏ ఆయిల్? పేచీ వెనక కథ

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, రాయగడ షెడ్లలో పాత అంబాసిడర్‌కి ఆయిల్ మార్పించబోతే రెండు మాటలు వినిపిస్తాయి. పెద్ద మేస్త్రీలు ‘నలభై గ్రేడు చిక్కటిది పోయించండి’ అంటారు. కుర్ర మెకానిక్‌లు ‘కొత్త సింథటిక్కే బెస్టు సార్’ అంటారు. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లకి ఇక్కడే టెన్షన్.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఈ కారు 1950ల చివర నుంచి 2014 దాకా కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో తయారైంది. మన వైపు ఇంకా తిరిగే పాత పెట్రోలు బళ్లలో ఎక్కువగా ఉండేది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్. అందులో వాల్వులని తెరిపించే క్యామ్ షాఫ్ట్ మీద, ఆ కదలికని పైకి అందించే టాపెట్లు నేరుగా ఒరుసుకుంటాయి, మధ్యలో రోలర్ లేదు. ఆ ఒత్తిడికి ఉత్త ఆయిల్ పొర నిలవదు. అక్కడ కాపాడేది జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే రసాయనం. 1940ల నుంచీ ఆయిళ్లలో కలుపుతున్నారు. వేడికి అది లోహం మీద సన్నటి పూతగా పడుతుంది. అరిగేది పూత, టాపెట్ కాదు.

చిక్కంతా సైలెన్సర్ వైపు నుంచి వచ్చింది. ఇంజన్లో కొద్దిగా ఆయిల్ ఎలాగూ కాలుతుంది. దాంట్లోని ఫాస్ఫరస్, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి పట్టి దాన్ని చెడగొడుతుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేశారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2004లో తెచ్చిన ‘ఎస్ఎం’ ప్రమాణం పలచ గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి కట్టడి చేసింది. అంతకుముందు 0.10 ఉండేది. గాలి కోసం అది మంచి పనే. కానీ కన్వర్టరే లేని మన బండికి దానివల్ల ఒరిగిందేమీ లేదు, టాపెట్లకి రక్షణ మాత్రం తగ్గింది.

కుర్ర మెకానిక్‌లు చెప్పే కొత్త ఆయిల్‌తో చిక్కు ఇదీ. మరి పెద్ద మేస్త్రీల మాట? సాలూరు నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్ చేరిన బండిని ఐడిల్‌లో నిలబెట్టి ఆయిల్ ప్రెషర్ గేజి చూడండి. పలచ ఆయిలుంటే, పైగా బేరింగులు అరిగి ఉంటే, సూది జారిపోతుంది. చిక్కదనం కావాలన్న మాట అక్కడ నిజమే. అయితే పుష్యమాసపు తెల్లవారుజామున అదే నలభై గ్రేడు పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దాకా చేరడానికి టైం తీసుకుంటుంది, ఆ కాసేపూ టకటక వినబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పారేదీ, వేడెక్కాక నిలిచేదీ ఒకే డబ్బాలో కావాలంటే 20డబ్ల్యూ-50 ఉంది (డబ్ల్యూ ఉన్న అంకె చలికి, రెండోది వేడికి). 20డబ్ల్యూని మైనస్ 15 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, కాబట్టి కోరాపుట్ చలికి భయం లేదు. 0.08 కట్టడి కూడా ఈ గ్రేడుకి వర్తించదు. అయినా కంపెనీ డేటా షీటులో ఫాస్ఫరస్ అంకె చూసుకోవాలి, 0.10 పైన ఉంటే మేలు. జింకు సీసాలు విడిగా కొని పోయడం మాత్రం వద్దు, మోతాదు మించితే అదే లోహాన్ని తింటుంది.

1990లలో వచ్చిన ఇసుజు (జపాన్ కంపెనీ) ఇంజన్ బండైతే ముందు కింద కన్వర్టర్ ఉందో లేదో చూడండి. ఉంటే మాన్యువల్‌లో రాసిన ఆయిలే వాడాలి.